పెరటి గూటికి కావలి

అమెరికా సంయుక్త రాష్ట్రముల తూర్పు, దక్షిణ భాగములలో, ఉత్తర కరొలైనాలోని కేరీ మొదలుకొని జార్జియాలోని ఆల్ఫరెట్టా, టెక్సాసులోని ఫ్రిస్కో వరకు, గడచిన రెండు మూడు దశాబ్దములలో ఇండ్లు కొనుక్కొని స్థిరపడిన తెలుగు కుటుంబములు వేలకొలదిగా నున్నవి. ఆ ఇండ్లలో అనేకమునకు వెనుక పచ్చిక పరచిన పెరడును, ఆ పెరటికి వచ్చిపోవు ఒక చిన్న నీలిపక్షియు గలవు. దానిని అక్కడివారు బ్లూబర్డు అందురు. వసంతము సమీపించగానే దానికొరకై చేసిన చెక్కపెట్టెలు అంగళ్ళలో అమ్మకమునకు వచ్చును. పిల్లలు ముచ్చటపడుదురు, తండ్రి ఒకటి కొని తెచ్చి, కంచెకో చెట్టుకో మేకు కొట్టి తగిలించును, కొన్నాళ్ళు అందరును వంటింటి కిటికీనుండి ఆసక్తితో చూతురు, పిమ్మట బడులు, ఆఫీసులు, ఈత పాఠములు, పుట్టినరోజు విందులు వచ్చి పడును. పెట్టె అచ్చటనే యుండును, దానివంక చూచువారుండరు. అట్లు విడిచిపెట్టబోవు పెట్టెను తగిలించుటకంటె తగిలింపకుండుటయే ఆ పక్షికి మేలని నా నిశ్చితాభిప్రాయము. మాట కఠినముగా తోచవచ్చును గాని, ఆ పక్షుల దాంపత్యమును, సంతానపోషణమును మా అమ్మాయి ఇంటి పెరటిలో దగ్గరనుండి గమనించిన పిమ్మటను, జీవితకాలము వాటిని పరిశీలించినవారు వ్రాసిన దానిని చదివిన పిమ్మటను, ఇంతకంటె మృదువుగా చెప్పుట నాకు సాధ్యము కాకున్నది.

తూర్పు బ్లూబర్డు అనబడు ఈ జాతి మన పిచ్చుకకంటె కొంచెము పొడవైనది, 30 గ్రాములకు అటునిటుగా తూగునది, అమెరికావారి రాబిన్ పక్షికి దాయాది. మగదాని తలయు వీపును రెక్కలును తోకయు చిక్కని నీలము, కంఠమును రొమ్మును ఇటుకరంగు, పొట్ట తెలుపు. ఆడుదానియందు అవే వర్ణములు బూడిదచాయ కలిసి మందగించి యుండును. ఈ నీలిమ ఈకలోని రంగుపదార్థము వలన కలుగునది కాదు. ఈకయొక్క అతిసూక్ష్మమైన అల్లిక వెలుతురును చెదరగొట్టి నీలమును మాత్రము మన కంటివైపునకు మరల్చుటవలన కలుగునది గనుక, ఎండ పడినప్పుడు మిరుమిట్లు గొలుపు ఆ వీపే మబ్బు కమ్మగానే నల్లబడినట్లుండును. ఆ వన్నె ఊరక శృంగారమునకై యేర్పడినది కాదేమో. అలబామాలోని ఆబర్న్ విశ్వవిద్యాలయమునకు చెందిన లిన్ సీఫర్మన్, జెఫ్రీ హిల్ అను పరిశోధకులు, వన్నె అధికముగా గల మగపక్షులు తమ పిల్లలకు ఎక్కువసారులు మేత తెచ్చుచున్నవనియు, వాటి పిల్లలు ఎక్కువ పుష్టిగా పెరుగుచున్నవనియు 2003లో ప్రకటించిరి. ఆడుపక్షి వరుని నీలమును చూచి కాబోవు తండ్రియొక్క ఓపికను కొలుచుచున్నదా యను ప్రశ్న దీనివలన కలుగుచున్నది. నాకు మాత్రము ఈ విషయము చదివిన నాటినుండి, ఎండలో కంచెమీద కూర్చున్న మగపక్షిని వట్టి అందముగా చూచుట సాధ్యము కాలేదు.

ఫిబ్రవరి మాసమున, తెల్లవారుజామున పచ్చికపై ఇంకను మంచు పేరుచుండగనే, మగపక్షి పెట్టెను చూచి పెట్టుకొనును. తన ముక్కుతో మ్రాను తొలిచి తొఱ్ఱ చేసికొను శక్తి ఈ జాతికి లేదు. వడ్రంగిపిట్టలు తొలిచి విడిచిన తొఱ్ఱలనో, మనుష్యుడు కట్టిన పెట్టెలనో ఆశ్రయింపవలసినదే. కావున ఇల్లు దొరికినవానికే ఇల్లాలు దొరకును. మగపక్షి ఒక గడ్డిపరకనో, దేవదారు జాతి చెట్టుయొక్క ఎండిన ఆకుపుల్లనో ముక్కున కరచుకొని వచ్చి, రంధ్రము అంచున వ్రాలి, తల లోపలికి దూర్చి, వెలికి తీసి, మరల దూర్చి, పిమ్మట పూర్తిగా లోనికి పోయి బయటికి వచ్చి, పెట్టె కప్పుమీద కూర్చుండి, రెక్కను పైకెత్తి అల్లార్చుచు, గొంతులోనే తిరుగుచున్నట్లుండు మెత్తని స్వరముతో పలుకును. ఆడుపక్షి సమీపపు కొమ్మమీదనుండి ఇదంతయు చూచుచుండును, తొందరపడదు. ఒక పెట్టె చూచును, ఎగిరిపోవును, వేఱొకటి చూచును, తిరిగి వచ్చును. అద్దె ఇల్లు కుదుర్చుకొనబోవు గృహిణివలె లోపల నాలుగు మూలలు చూచుకొనియే గాని మాట యియ్యదు. ఆమె తనంతట తాను లోనికి పోయి వచ్చినచో జత కుదిరినట్లేయని పరిశీలకులు చెప్పుదురు. ఆ పిమ్మట మగపక్షి పురుగును పట్టి తెచ్చి ఆమె నోటికి అందించుట పలుమారు కనబడును. ఈ ఋతువులోనే అతడు నిలిపియుంచిన కార్ల అద్దములలో తన ప్రతిబింబమును చూచి, అది పరపురుషుడనుకొని గంటలకొలది యుద్ధము చేయును. కారు అద్దములకు సంచి తొడుగుట ఆ సమయమున అతనికి చేయదగిన ఉపకారము.

అన్ని పర్యాయములు గడ్డిపరకలు మోసి చూపిన ఆ మగపక్షి, గూడు కట్టునప్పుడు మాత్రము ఒక్క పుడకయు పేర్చడు. గూడు కట్టుట సంపూర్ణముగా ఆడుపక్షి పని. ఆమె ఎండుగడ్డిని నింపి, మధ్య పల్లము చేసి, మెత్తని సన్నపోచలు పరచును. అతడు కొమ్మమీద కూర్చుండి కావలి కాయును. మా మనుమడు ఒకనాడు కిటికీకడ నిలుచుండి, “తాతయ్యా, ఆ నాన్న పిట్ట అన్నిసార్లు గడ్డి తెచ్చింది కదా, మరి గూడెందుకు కట్టట్లేదు?” అని యడిగెను. ఆ ప్రశ్నకు నీతికథ చెప్పి జవాబీయగల పెద్దలు చాలమంది గలరు. నేను, “ఇంకా చూద్దాంరా నాన్నా, గుడ్లు పొదిగేటప్పుడు అతను ఏం చేస్తాడో” అని మాత్రమంటిని.

అప్పటి పనులు నిజముగా చూడదగినవి. ఆడుపక్షి దినమునకొకటి చొప్పున, ప్రాతఃకాలమున, నాలుగో అయిదో గ్రుడ్లు పెట్టును. అవి లేతనీలపువి, అరుదుగా తెల్లనివి. చివరి గ్రుడ్డు పెట్టువరకు ఆమె పొదుగుటకు కూర్చుండదు. అందువలన ముందు వెనుకలుగా పెట్టిన గ్రుడ్లన్నియు ఇంచుమించు ఒక్క దినముననే పగులును, పిల్లలలో పెద్ద చిన్న తేడా లేక అన్నింటికిని సమానముగా మేత అందును. పొదుగు కాలము రమారమి రెండు వారములు. ఆ రెండు వారములును మగపక్షి పురుగులు పట్టి తెచ్చి రంధ్రముకడ నిలిచి ఆమెకందించును. ఆమె కొంచెము సేపు రెక్కలు విదుల్చుకొనుటకై బయటికి పోయినపుడు అతడు పెట్టెను విడిచిపోడు.

పిల్లలు కన్నులు తెరవని మాంసపుముద్దలుగా పుట్టును. మొదటి దినములలో తల్లిదండ్రులు తెచ్చునది సన్నని మెత్తని గొంగళిపురుగులు, సాలెపురుగులు. పిల్లల గొంతు పెద్దదైనకొలది మిడతలు, కీచురాళ్ళు, పెంకుపురుగులు. ఇరువదిగజముల దూరమున గడ్డిలో కదలు పురుగును కొమ్మమీదనుండియే గుర్తించి, క్రిందికి దూకి, పట్టుకొని, రంధ్రమున మేత విడిచి, తిరిగి అదే కొమ్మకు చేరుట, ఉదయమునుండి సంధ్యవరకు విరామమెఱుగక సాగును. ఇచ్చట పాఠకులు తప్పక గమనింపవలసిన వింత యొకటి గలదు. మేత తిన్న పిల్ల వెంటనే వెనుకకు తిరిగి తోక పైకెత్తును. దాని మలము ఒక తెల్లని పలుచని పొరసంచిలో చుట్టబడి బయటికి వచ్చును. తల్లియో తండ్రియో ఆ సంచిని ముక్కున సున్నితముగా పట్టుకొని ఎగిరిపోయి పెట్టెకు దూరముగా విడిచి వచ్చును. అయిదు పిల్లలు కిక్కిరిసియున్న జానెడు చీకటిగదిని ఆ రెండు పక్షులు అంత శుభ్రముగా నుంచుట చూచినప్పుడు, శౌచమనునది మనుష్యుడొక్కడే నేర్చిన విద్యయని తలంచుట ఎంత తొందరపాటో తెలియుచున్నది.

రమారమి 17 మొదలు 21 దినములలోపల పిల్లలు పెట్టె విడిచి ఎగురును. వాటి రొమ్మునిండ మచ్చలుండును, నీలము రెక్కల అంచులను మాత్రమే పొడచూపును. ఎగిరినంతమాత్రమున వేట రాదు. ఇంకను రెండు మూడు వారములు మేత పెట్టవలసియుండును. అప్పుడు తల్లి రెండవ కాన్పునకు గూడు కట్టుటలో మునిగియుండగా, ఎగిరిన పిల్లల పోషణభారము చాలవరకు తండ్రిపై పడును. నా మనుమడడిగిన ప్రశ్నకు ఈ తండ్రి జూన్ మాసమున సమాధానము చెప్పుచున్నాడని నాకు తోచినది. ఒక్కొక్కప్పుడు మొదటి కాన్పు పిల్లలే రెండవ కాన్పు తమ్ములకు, చెల్లెండ్రకు పురుగులు తెచ్చిపెట్టుటయు పరిశీలకులు చూచియున్నారు.

ఇంత చూచినవారికి దీనిని ఆదర్శదాంపత్యముగా వర్ణించి పిల్లలకు బోధింపవలెనను కోరిక కలుగుట సహజము. అమెరికావారు ఆ పక్షిని చిరకాలముగా సుఖసంసారమునకు చిహ్నముగా చిత్రించుచునే యున్నారు. నేను ఆ మార్గమును అంగీకరింపను. దక్షిణ కరొలైనాలో ఈ పక్షులను పరిశోధించిన పట్రీషియా గోవాటి, తన సహచరునితో కలిసి 1984లోనే, ఒకే గూటిలోని పిల్లలకు ఒకరికంటె ఎక్కువమంది తండ్రులే గాక తల్లులును ఉండవచ్చునని చూపినది. తరువాతి పరిశోధనలనుబట్టి చూడ, నాలుగైదు గ్రుడ్లలో ఒకటి ఆ జతకు వెలుపలి తండ్రికో తల్లికో చెందినదని తేలుచున్నది. ఒక ఆడుపక్షి మఱొకదాని గూటిలో గ్రుడ్డు పెట్టి పోవుటయు గలదు. దీనిని విని ఆ పక్షులను నిందించుట, వినకమునుపు వాటిని పూజించుటతో సమానమైన అవివేకము. వాటి ధర్మము మన ధర్మశాస్త్రములలో వ్రాయబడలేదు. తనదో కాదో యెఱుగని గ్రుడ్డునుండి వెలువడిన పిల్లకును ఆ మగపక్షి మేత మోయుచున్నాడు. ఉన్నది ఉన్నట్లుగా చూచినచో అది ఏ ఉపమానముకంటెను గొప్పది, దానిని పిల్లలకు ఉన్నట్లుగానే చెప్పవచ్చును.

ఈ పక్షి మన పెరటిలో నేడు కనబడుటకు కారణము మనుష్యులే, ఒకానొక కాలమున అది కనబడకపోవుటకును మనుష్యులే కారణము. ఎండిన చెట్లను కొట్టివేసిరి, తొఱ్ఱలు గల పాత చెక్కకంచెలను తీసి ఇనుపకంబములు నాటిరి, పురుగుమందులు చల్లిరి. వీటన్నిటికంటె ముందు, 1850ల ఆరంభమున న్యూయార్కు ప్రాంతపు బ్రూక్లిన్‌లో ఐరోపానుండి తెచ్చిన పిచ్చుకలను, 1890, 1891 సంవత్సరములలో న్యూయార్కు సెంట్రల్ పార్కులో స్టార్లింగు పక్షులను తెచ్చి విడిచిరి. ఆ రెండు జాతులును తొఱ్ఱలలోనే కాపురముండునవి, రెండును బ్లూబర్డుకంటె దుడుకైనవి. ఇరువదవ శతాబ్ది మధ్యకాలమునకు అనేక ప్రాంతముల పిల్లలకు ఈ పక్షి బొమ్మలలో మాత్రమే పరిచయము. ఇల్లినాయ్ రాష్ట్రమున క్విన్సీ పట్టణమునకు చెందిన థామస్ మసల్‌మన్ 1930లలో పల్లెబాటల వెంబడి కంబములకు వరుసగా పెట్టెలు తగిలించి దారి చూపెను. వ్యవసాయశాఖలో జీవరసాయన శాస్త్రజ్ఞుడుగా పనిచేసిన లారెన్స్ జెలెనీ మేరీలాండునందు అట్టి వరుసను నెలకొల్పి, 1976లో గ్రంథము వ్రాసి, 1977లో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రికలో వ్యాసము ప్రకటించి, 1978లో ఉత్తర అమెరికా బ్లూబర్డు సంఘమును స్థాపించెను. ప్రభుత్వము పెద్దమొత్తములు వెచ్చించిన పని కాదిది. రైతులు, ఉపాధ్యాయులు, పింఛనుదారులు తమ చేతులతో చెక్క కోసి, పెట్టెలు బిగించి, వారము వారము చూచుకొని చేసిన పని. ఈనాడు ఈ జాతి పక్షులు 2 కోట్లకు మించి యున్నవని అంచనా. పెట్టె తగిలించుటవలననే ఇది సిద్ధించినదని చెప్పువారు సగము కథయే చెప్పుచున్నారు.

మిగిలిన సగములో మన తెలుగువారికి మనసున ముల్లువలె గ్రుచ్చుకొను అంశమొకటి గలదు, దానిని దాటిపోవుట న్యాయము కాదు. మనకు పిచ్చుకయన్న ప్రాణము. వరికుచ్చులు అల్లి వసారా చూరులకును, దేవాలయ మండపములకును వ్రేలాడగట్టి పిచ్చుకలకు పెట్టినజాతి మనది. అది మన ఊళ్ళలో కనుమరుగగుచున్నదని విచారించి, ఏటేట మార్చి 20వ తేదీన దాని పేర దినము జరుపుకొనుచున్నాము. ఆ పిచ్చుకయే అచ్చట బ్లూబర్డు పెట్టెలో దూరి, గ్రుడ్లను పొడిచి, పిల్లలను చంపి, పొదుగుచున్న తల్లిని సైతము మూలకు ఒత్తి తల చితుకునట్లు పొడిచి, ఆ శవముమీదనే తన గూడు కట్టును. రంధ్రము అంగుళమున్నర వెడల్పున నున్నచో స్టార్లింగు దూరలేదు గాని పిచ్చుక సునాయాసముగా దూరును. దానిలో పాపము లేదు, అది తన బ్రతుకు తాను బ్రతుకుచున్నది. కాని అచ్చట దానిని తెచ్చి విడిచినది మనుష్యుడు, దానికి తలుపు తెరిచిన పెట్టెను తగిలించినదియు మనుష్యుడే. కావున ఆ పెట్టెలో పిచ్చుక గడ్డి కుక్కుట మొదలిడగానే, గ్రుడ్లు పెట్టకమునుపే దానిని తీసివేయుట పెట్టె యజమానికి విధియని నేను సంకోచము లేక చెప్పుచున్నాను. 1918 నాటి వలసపక్షుల చట్టము బ్లూబర్డును, స్వదేశపు ఇతర పక్షులను రక్షించుచున్నది. పిచ్చుకకును స్టార్లింగునకును ఆ రక్షణ లేదు. ఎవరి గూడో తెలియకుండ తీసివేయరాదు. తెలిసికొనుటకైనను చూడవలెను గదా! మఱియు, మిగిలిన అన్నమును, చౌకరకపు గింజలను పెరటిలో చల్లుట మన ఇండ్లలో భూతదయగా వచ్చిన అలవాటు. ఆ గింజలకు గుంపులుగా చేరునవి ముఖ్యముగా పిచ్చుకలే. పెట్టె గల పెరటిలో ఆ పుణ్యకార్యమును ఆపవలెను. మన ఊరి పిచ్చుకపై ప్రేమను మన ఊరిలోనే చూపుదము; ఇచ్చట పంచిపెట్టుచున్న పిచ్చుకగూళ్ళలో ఎన్ని మరుసటి ఏటికి ఎవరైనను దించి శుభ్రపరచుచున్నారో ఆరా తీయుటయు అందులో భాగమే.

మిగిలిన విధులు చెప్పుటకు తేలిక, చేయుటకు క్రమము కావలెను. పెట్టెను కంచెకు గాని చెట్టుకు గాని కొట్టరాదు. పాములు, రకూన్లు, పిల్లులు తేలికగా ఎక్కివచ్చును. నునుపైన ఇనుపకంబమునకు బిగించి, మధ్య వెడల్పైన రేకుగొట్టమును తొడిగినచో చాల ఆపదలు తొలగును. రంధ్రము క్రింద కూర్చుండుటకు పుల్ల అమర్చిన పెట్టెలు అందముగా నుండునని కొందురు గాని, బ్లూబర్డునకు ఆ పుల్లతో పనిలేదు, దాడి చేయువానికే అది ఆసరా. వారమునకొకమాఱు తట్టి, ప్రక్కతలుపు తెరిచి, ఒక్క నిమిషములో చూచి మూయవలెను. దానివలన తల్లి గూడు విడిచిపోవునను భయము నిరాధారము. పిల్లలకు పండ్రెండు పదమూడు దినములు నిండిన పిమ్మట మాత్రము తెరువరాదు. బెదిరి అకాలమున బయటికి దూకును. పచ్చికకు మందు కొట్టించుటను ఆ నెలలలోనైన మానవలెను, ఏలనన ఆ గడ్డిలోని పురుగే ఆ పిల్లల అన్నము. పిల్లలు ఎగిరిన పిదప పాత గూటిని తీసి పెట్టెను తుడువవలెను. శీతకాలమున దానిని దింపివేయవలదు, చలిరాత్రులలో అవి అనేకము కలిసి అందులో తలదాచుకొనును.

పక్షులు తమ దారిన తాము బ్రతుకవా, మనుష్యుని జోక్యమెందుకని యడుగువారున్నారు. చెట్లు కొట్టనిచోట, పిచ్చుకను తేనిచోట ఆ ప్రశ్నకు బలముండెడిది. ఇండ్ల వరుసల నడుమ ఎండిన మ్రాను ఒక్కటియు నిలువనీయని పేటలలో జోక్యము ఎన్నడో జరిగిపోయినది. ఇప్పుడు మనము వైదొలగుట తటస్థత కాదు, చేసిన దానిని సగములో విడుచుట.

ఈ కావలికి తగినవారు మన కుటుంబములలోనే యున్నారని నా ఆశ. బిడ్డల యిండ్లకు ఆరేసి నెలలు ఉండివచ్చుటకై ఊరినుండి వచ్చు తల్లిదండ్రులు, అల్లుడును కూతురును ఆఫీసులకు, మనుమలు బడులకు పోయిన పిమ్మట, కారు నడపలేక, పలుకరించు ఇరుగుపొరుగు లేక, పగళ్ళను ఎట్లు గడుపుదురో ఎఱిగినవారికి ఎఱుకయే. ఆ పగళ్ళే ఈ పక్షులు పనిచేయు పగళ్ళు. గ్రుడ్లెన్ని, పగిలినదెన్నడు, ఎగిరినదెన్నడు అని పెద్దలు కాగితముమీద వ్రాసిపెట్టినచో, మనుమలు దానిని కార్నెల్ విశ్వవిద్యాలయపు పక్షిశాస్త్ర పరిశోధనాలయము నడుపు నెస్ట్‌వాచ్ పట్టికలకు ఎక్కింపగలరు. ఆ లెక్కలు శాస్త్రజ్ఞులకు నిజముగా పనికివచ్చును. వారాంతములలో నడచు తెలుగు బడులు జనవరిలో ఒక పాఠమును చెక్కపెట్టె బిగించుటకు కేటాయింపవచ్చును. విశాలమైన పచ్చిక లేని ఇండ్లకు ఈ పక్షి రాదు గనుక, అట్టివారు తమ పేటలోని పార్కును నడుపువారిని అడిగి, ఇదివరకే అచ్చట నున్న పెట్టెలలో రెండింటినో మూడింటినో చూచు పని పుచ్చుకొనవచ్చును. మార్చిలో ఆ పనికి ముందుకు వచ్చువారు చాలమంది యుందురు. జూలై ఎండలో, రెండవ కాన్పు పిల్లలు పెట్టెలో నుండగా, వచ్చి తలుపు తెరిచి చూచువారే కావలసియున్నారు.